తొమ్మిదో చానల్

గోనెసంచి మూతి విప్పగానే ముందు వాసన బయటికి వచ్చింది. కుళ్ళిన బంగాళాదుంప వాసన. దోర్కా చున్నీ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, సంచిలో ఉన్న డేటా లాగర్‌ని రెండు చేతులా ఎత్తి బల్ల మీద పెట్టింది. రెండు ఇటుకలంత పెట్టె అది. వెనక వైర్లు బిగించే స్క్రూలు, ముందు చిన్న తెర. కోల్డ్ స్టోరేజి గదుల్లో వేలాడదీసిన సెన్సర్లు ఎంత చలి ఉందో చెబుతుంటే, పావుగంటకోసారి రాసుకుంటూ పోవడం దాని పని. అది రాసేది నిజమో కాదో చూసి సర్టిఫికెట్ ఇవ్వడం దోర్కా పని. పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే.

మలంచా రోడ్డు మీద టైల్స్ షాపు పైన రెండు గదుల లాబొరేటరీ. కింద బస్సులు, ఆటోలు ఎంత మొత్తుకున్నా పైన ఏసీ గదిలో ఇరవై మూడు డిగ్రీలు దాటకూడదు. చెప్పులు బయటే విప్పాలి. కొత్తవాళ్ళు అదేదో భక్తి అనుకుంటారు గాని, అది దుమ్ము భయం.

సంచి తెచ్చిన డ్రైవరు రసీదు కోసం నిలబడి, అడక్కుండానే సంగతంతా చెప్పేశాడు. కేశియాడి రోడ్డులో ఉన్న తమ కోల్డ్ స్టోరేజిలో మూడో గది సరుకంతా మొలకలెత్తి కుళ్ళిపోయింది. పద్దెనిమిది వేల బస్తాలు. ఆపరేటరు సెన్సర్లు తీసుకెళ్ళి చల్లని పైపులకి ఆనించి, తెర మీద మూడు డిగ్రీలు కనపడేలా చేసి, కంప్రెసర్ ఆపుకుని పడుకునేవాడట. రైతులు గేటు దగ్గర కూర్చున్నారు. మిషన్‌లో ఏ లోపం లేదని లాబొరేటరీ కాగితం ఇవ్వగానే ఆ ఆపరేటర్ని పోలీసులకి అప్పజెబుతారు.

"ఎవరా ఆపరేటరు?" అని బెంగాలీలో అడిగింది దోర్కా, రసీదు చింపి ఇస్తూ.

"మీ తెలుగువాడే దీదీ. గణపతిరావు."

ఆ పేరు ఆమెకి తెలియదు. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ళందరూ ఒకరికొకరు తెలుసునని బెంగాలీలు అనుకుంటారు. డ్రైవరు వెళ్ళాక ఆమె స్పిరిట్ గుడ్డతో పెట్టెని తుడిచి, ప్లగ్గు పెట్టి, గడియారం చూసుకుంది. మిషను అరగంట వేడెక్కాలి. అంతకుముందు ఏ అంకె చూసినా నమ్మకూడదు.

అరగంటయ్యాక రెసిస్టెన్స్ బాక్సు ముందుకి లాక్కుంది. సెన్సర్ బదులు ఈ బాక్సు వైర్లు బిగించి, గుండీలు తిప్పి, 'ఇది నాలుగు డిగ్రీల చలి' అని మిషన్‌కి చెప్పాలి. మిషను నాలుగని చదివితే మంచిది. సున్నా, నాలుగు, పది, ఇలా ఒక్కో చానల్‌కి మూడు సార్లు. మొత్తం పదహారు చానళ్ళు. స్క్రూ వదులు చెయ్యడం, తీగ దూర్చడం, బిగించడం, తెర మీద అంకె కుదురుకునేదాకా ఊపిరి బిగబట్టి చూడడం. ఊపిరి బిగబట్టనక్కర్లేదని ఆమెకీ తెలుసు, గాని అలవాటు. మొదటి చానల్ 4.02. రెండోది 3.99. టీ వచ్చేసరికి ఎనిమిది చానళ్ళు అయ్యాయి. అన్నీ బుద్ధిమంతులే.

తొమ్మిదో చానల్‌కి నాలుగు డిగ్రీలు ఇచ్చింది. తెర మీద 0.1 అని పడింది.

దోర్కా ముందు తనని తాను అనుమానించింది. ఈ పనిలో అదే మొదటి పాఠం. వైర్లు ఊడదీసి, చివర్లు బ్లేడుతో గీకి, మళ్ళీ బిగించి ఐదు నిమిషాలు ఆగింది. 0.1. అవే వైర్లు ఎనిమిదో చానల్‌కి మార్చింది. 4.01. తిరిగి తొమ్మిదికి తెచ్చింది. 0.1. పదోది కూడా అంతే. పదకొండు 0.2. పన్నెండు 0.1. పదమూడుకి వచ్చేసరికి మళ్ళీ 3.99. లోపల నాలుగేసి చానళ్ళకి ఒక కార్డు ఉంటుంది. మూడో కార్డు ఒక్కటే పాడైంది. మూత లోపల అంటించిన చీటీలో ఏ గది సెన్సర్లు ఏ కార్డుకో రాసి ఉంది. మూడో గదివి మూడో కార్డుకి.

అంటే తెర మీద మూడు డిగ్రీలు ఉన్నప్పుడు గదిలో ఏడు డిగ్రీలు ఉన్నట్టు. ఏడు డిగ్రీల్లో దుంపలు మొలకెత్తక ఏం చేస్తాయి? ఆ మనిషి సెన్సర్లని ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. మిషను చెప్పినట్టు విన్నాడు, అంతే.

దోర్కాకి ఒక్కసారిగా సంతోషం వేసింది. మొహం కూడా తెలియని మనిషి కోసం అంత సంతోషం ఎందుకో గాని వేసింది. 'వచ్చినప్పటి రీడింగు' అన్న గడిలో నీలం పెన్నుతో, గుండ్రటి అక్షరాలతో 0.1, 0.1, 0.2, 0.1 అని రాసింది. ఇక మిగిలింది పాత కాగితంతో పోల్చి చూడడమే. లేచి బీరువాలోంచి ఫిబ్రవరి ఫైలు తీసింది.

తొమ్మిదో చానల్: 4.02. పదోది: 3.98. పదకొండు: 4.01. పన్నెండు: 4.02. కింద సంతకం తనదే.

ఫిబ్రవరి అంటే ఆ జిల్లాలో కోల్డ్ స్టోరేజిలన్నీ సరుకు ఎక్కించుకోబోయే కాలం. అందరి లాగర్లూ ఒక్కసారే వచ్చి పడతాయి. మొన్న ఫిబ్రవరిలో తొమ్మిది రోజుల్లో నలభై రెండు వచ్చాయి. ఒక్కో మిషన్‌కి పద్ధతిగా ఒక పూట పడుతుంది. అందుకని మొదటి కార్డు మాత్రం నిజంగా చూసి, మిగతా మూడూ దాన్నిబట్టి రాసేసేవారు. దాన్ని లాబొరేటరీలో వాడుక అనేవారు. మోసం అన్నవాళ్ళు లేరు. దోర్కా ఆ రాతలో అందరికన్నా నేర్పరి. ఒకే అంకె వరసగా రెండుసార్లు రానిచ్చేది కాదు. అక్కడక్కడా కొంచెం ఎక్కువ తేడా కూడా వేసేది. చూసి రాసిన వాటికన్నా చూడకుండా రాసినవే అందంగా ఉండేవి.

ఆమె కుర్చీలో కూర్చుండిపోయింది. ఆ రోజు తన ముందు ఇదే పెట్టె ఉంది, ఇదే బాక్సు ఉంది, ఇంకో నాలుగు స్క్రూలు విప్పి ఉంటే సరిపోయేది.

మర్నాడు మంగళవారం ఆమె వచ్చేసరికి మెట్ల మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. యాభై దాటి ఉంటాయి. ఇస్త్రీ చేసిన చొక్కా, నెరిసిన మీసం. ఆమెని చూసి లేచి, గోడకి ఒత్తుకుని దారి ఇచ్చాడు. చెప్పులు అప్పటికే విప్పేసి ఉన్నాడు.

"నమస్తే అమ్మా. మిషన్లు సూసేది మనోలేనని సెప్పినారు. మీరేనేటి?"

"నానే. మీరెవరన్నయ్యా?"

"గణపతిరావుని. కోల్డ్ స్టోరేజి." తర్వాత ఏం చెప్పాలో తోచక మీసం తడుముకున్నాడు. "నా కోసం అని ఏటీ సెయ్యొద్దమ్మా. సరిగ్గా సూత్తే సాలు. అది సెప్పి ఎల్లిపోదామనొచ్చినాను."

ఆమెకి తాళం ఒక పట్టాన తెరుచుకోలేదు. లోపలికి రమ్మనే అధికారం ఆమెకి లేదు. బయట బెంచీ మీద కూర్చోమని, ఫ్లాస్కులో తెచ్చుకున్న టీ మూతలో పోసి ఇచ్చింది. అతని వేళ్ళు పగుళ్ళు విచ్చి ఉన్నాయి. గదుల్ని చల్లబరిచే అమోనియా గ్యాసు దగ్గర పనిచేసేవాళ్ళ వేళ్ళు అలాగే ఉంటాయి.

"ఎన్నాళ్ళ నుంచి సేత్తన్నారక్కడ?"

"ఇరవై రెండేళ్ళు. ఇంతకు ముందెప్పుడూ ఒక్క బస్తా పోలేదమ్మా." టీ ఊదుకున్నాడు. "జూన్‌లోనే అనుమానమొచ్చినాది నాకు. ఆ గదిలోకెల్తే ముక్కు సిమసిమలాడాల. ఆడలేదు. గోల్ బజార్లో గాజు తర్మామీటరు కొని ఏలాడగట్టినాను. ఏడు సూపించినాది. మిషన్లో సూత్తే మూడు."

"ఎవరికైనా సెప్పినారా?"

"మేనేజరు మైతి బాబుకి సెప్పినాను. ఆయన మిషను మీది స్టిక్కరు సూపించినాడు. ఇది లాబ్ వోళ్ళు సూసి సంతకమెట్టిన మిషను, నీ గాజుముక్క దీనికన్నా గొప్పదేటి అన్నాడు."

"మరి మీరేటన్నారు?"

"ఏటంటాను? నిజమే కదా అనుకున్నాను. సదువుకున్నోలు సూసి సంతకమెట్టినారు. నాకేటి తెలుసు? తర్మామీటరు అవతల పారేసినాను." కొంచెం ఆగి, "అదుంటే ఇయ్యాల సాచ్చికమైనా ఉండేది" అన్నాడు.

దోర్కా ఫ్లాస్కు మూతనే చూస్తూ ఉండిపోయింది. చెప్పాల్సిన మాట నాలుక మీదికి వచ్చింది. ఆ సదువుకున్నోలు నానే అన్నయ్యా. నాలుగు ముక్కలు. నోరు తెరిచింది కూడా.

"సరిగ్గానే సూత్తాను" అంది చివరికి. అతని ఫోన్ నంబరు రాసుకుంది. అతను ఖాళీ మూతని మెట్ల దగ్గరి కుళాయి కింద కడిగి తెచ్చి ఇచ్చి వెళ్ళాడు.

పదకొండింటికి పాలిత్ బాబు పిలిచాడు. లాబొరేటరీ యజమాని ఆయన. చెడ్డవాడని ఎవరూ అనరు. పండక్కి అందరికీ బట్టలు పెడతాడు. దోర్కాకి ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రి చుట్టూ తిరిగాడు. బల్ల మీద మరమరాల గిన్నె ఒక పక్క, ఆమె నిన్న రాసిన కాగితం ఒక పక్క ఉన్నాయి.

"దోర్కా, వేరే కాగితం తీసుకో" అన్నాడు బెంగాలీలో, మెల్లగా. "ముందు మూడో కార్డుని సరైన అంకె చూపించేలా సర్దెయ్యి. సర్దాక రీడింగు తీసుకో. ఆ అంకెలే వచ్చినప్పటి గడిలోనూ రాసెయ్యి. ఇది నువ్వు ఎప్పుడూ చెయ్యని పనేం కాదు."

"అతన్ని పోలీసులకి పట్టిస్తారు బాబూ. అతను ఏ తప్పూ చెయ్యలేదు."

"పట్టిస్తే బెయిలు వస్తుంది. మన లైసెన్సు పోతే మళ్ళీ వస్తుందా? ఇక్కడ ఎనిమిది మంది బతుకుతున్నారు." గిన్నె పక్కకి జరిపాడు. "ఇంకో మాట. ఫిబ్రవరి సర్టిఫికెట్ మీద నా సంతకం లేదు. నీదే ఉంది. పద్దెనిమిది వేల బస్తాల వాళ్ళు రేపు ఎవరి మీద పడతారు? నేను నిన్ను కాపాడుతున్నాను. అర్థం చేసుకో."

అందులో అబద్ధం ఏమీ లేదు. ఆమెకి ఏడుపు వచ్చింది అందుకే. ఎదురు తిట్టడానికి వీలున్న మనిషైతే ఎంతో బాగుండేది. ఆలోచించుకుంటానని చెప్పి బయటికి వచ్చి, సాయంత్రం దాకా వేరెవరిదో ప్రెజర్ గేజి ముందు పెట్టుకుని కూర్చుంది. నిన్నటి కాగితాన్ని మాత్రం ఆయన బల్ల మీద వదల్లేదు.

ఇంటికి వెళ్ళాక విల్‌ఫ్రెడ్‌కి అంతా చెప్పింది. ఆమె భర్త ఓ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కల గుమాస్తా. బెండకాయలు తరుగుతూ విన్నాడు.

"నువ్వొక్కదానివే సేసినావేటి? అందరూ సేసేదే కదా."

"అందరి సంతకమూ లేదు కదా దాని మీద."

"ఆ కాగితం గణపతిరావుకి ఇత్తే ఏటవుద్ది?"

"నా ఉజ్జోగం పోద్ది. కేసు కూడా ఎడతారేమో."

విల్‌ఫ్రెడ్ ఇంకో బెండకాయ తీసుకున్నాడు. ఇవ్వమని అంటాడేమోనని ఒకసారి, వద్దంటాడేమోనని ఒకసారి ఆమె ఎదురుచూసింది. రెండిట్లో ఏదన్నా సరే, ఎవరైనా ఒక మాట గట్టిగా అంటే దాని మీద ఆనుకోవచ్చు. అతను బెండకాయలన్నీ తరిగి, కత్తిపీట కడిగి గోడకి ఆనించాడు.

"మరి ఆ తర్మామీటరు అతను పారేసుకున్నాడా?" అన్నాడు.

"పారేసినాడు. నా సంతకం సూసి."

పొద్దున్న ఆమె బయలుదేరేటప్పుడు అతను, కాగితం నలక్కుండా పెట్టుకోమని ఒక ప్లాస్టిక్ ఫోల్డరు తెచ్చి చేతికి ఇచ్చాడు. ఆమెకి అదే చాలనిపించింది.

బుధవారం ఎనిమిదిన్నరకి లాబొరేటరీ తలుపు తీసే ఉంది. ఆమె బల్ల ఖాళీగా ఉంది. లాగర్ లేదు, గోనెసంచీ లేదు. పాలిత్ బాబు ఏడింటికే వచ్చి, మూడో కార్డుని తన చేత్తోనే సర్ది, సర్టిఫికెట్ మీద తనే సంతకం పెట్టి, కారు ఇచ్చి పంపించేశాడని అవతలి గదిలో చెప్పారు. ఆయన చూడ్డానికి రాలేదు. తలుపు వేసుకుని ఫోన్‌లో మాట్లాడుతున్నాడు. ఆమె తలుపు కొట్టలేదు. చెప్పులు మళ్ళీ తొడుక్కుని మెట్లు దిగి, గణపతిరావుకి ఫోన్ చేసింది.

"పదకొండింటికి అందరినీ రమ్మన్నారమ్మా" అన్నాడతను. "నన్నూ రమ్మన్నారు. మీరు వొత్తే మంచిదే."

కేశియాడి రోడ్డు బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. ఫోల్డరు ఒళ్ళో పెట్టుకుని, అక్కడ చెప్పాల్సింది బెంగాలీలో మనసులో అప్పజెప్పుకుంటూ కూర్చుంది. ఫలానా తేదీన ఫలానా చానల్‌కి నాలుగు డిగ్రీలు ఇస్తే సున్నా పాయింట్ ఒకటి చూపించింది. రెండుసార్లు చూశాను. వైర్లు మార్చి చూశాను. ఇంత తేలికైన నిజం ఆమె ఎన్నడూ చెప్పి ఎరగదు.

కోల్డ్ స్టోరేజి గేటు బయట టార్పాలిన్ కింద ముప్పై నలభై మంది కూర్చున్నారు. లోపల కుళ్ళిన సరుకు గుట్టపోసి ఉంది. గణపతిరావు గేటు పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఇరవై రెండేళ్ళు పనిచేసిన చోట అతని పక్కన ఒక్కడూ నిలబడలేదు.

దోర్కా అతన్ని పక్కకి పిలిచింది. "అన్నయ్యా, లోపలికెల్లే ముందు మీకో మాట సెప్పాల. మిషనే తప్పు. మీరు కాదు. ఫిబ్రవరిలోనే తప్పుగా ఉండుంటాది. అప్పుడు సూడకుండా సంతకమెట్టింది నానే."

అతను ఆమె మొహంలోకి చూశాడు. కోపం వస్తుందనుకుంది. రావాలని కూడా కోరుకుంది. అతను మాత్రం రెండుసార్లు రెప్పలు కొట్టుకుని, పెద్ద బరువు ఎత్తాలో వద్దో తేల్చుకుంటున్న మనిషిలా కాసేపు నేలకేసి చూశాడు.

"ఆ మాట కూడా లోపల సెప్తారా?"

"సెప్తాను."

"అయితే పదండి."

ఆఫీసు గదిలో మైతి బాబు, రైతుల తరఫున ఇద్దరు పెద్దమనుషులు ఉన్నారు. సర్దిన లాగర్ అప్పుడే గోడకి ఎక్కింది. దోర్కా నిలబడే చెప్పింది. బస్సులో అనుకున్నది అనుకున్నట్టు చెప్పింది. మైతి బాబు అడ్డు రాలేదు. ఆమె కాగితాన్ని చదివి, ఫైలులోంచి ఇంకో రెండు తీసి, మూడింటినీ బల్ల మీద పక్కపక్కన పరిచాడు.

"ఫిబ్రవరి కాగితం మీద సంతకం ఎవరిది?"

"నాదే."

"మీరు ఇప్పుడు తెచ్చిన దాని మీద?"

"అదీ నాదే."

"ఫిబ్రవరిలో తొమ్మిదో చానల్ బాగుందని రాశారు. 4.02."

"చూడకుండా రాశాను."

మైతి బాబు ఫిబ్రవరి కాగితాన్ని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని వేలితో ఒక్కో అంకే చూసుకుంటూ వెళ్ళాడు. "చూడకుండానే ఇంత చక్కగా రాయగలరన్నమాట" అన్నాడు. వెక్కిరింపు కాదది, నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మరి ఈ 0.1 చూసి రాశారని నేనెలా అనుకోవాలి?"

"చూశాను బాబూ. నా మీద ఒట్టు. రెండుసార్లు చూశాను."

"ఇప్పుడు చూపించగలరా?"

ఆమె గోడ మీది తెర చూసింది. ఏ చానల్‌కి ఏది ఇచ్చినా అది ఇప్పుడు సరైన అంకే చెబుతుంది. పాలిత్ బాబు పనిలో పొరపాటు ఉండదు. "పొద్దున్నే సర్దేశారు" అంది. తన గొంతు తనకే అబద్ధాలకోరు గొంతులా వినిపించింది.

రైతుల్లో పెద్దాయన, తెల్లగడ్డం మనిషి, మైతి బాబు వైపు వంగి అడిగాడు. "ఈమె ఇతనికి ఏమవుతుంది?"

"ఏమో. ఇద్దరూ తెలుగువాళ్ళు."

ఓహో అన్నట్టు తల ఊపాడు రెండో ఆయన. ఆ ఒక్క ముక్కతో అతనికి అంతా తేలిపోయింది. పెద్దాయన మాత్రం దోర్కానే చూస్తూ, "నువ్వు చెప్పేది నిజమేనేమో అమ్మా" అన్నాడు. "నావి మూడొందల బస్తాలు పోయాయి. నాకు నిజమే కావాలి. కానీ నా ముందు మూడు కాగితాలు ఉన్నాయి. రెండిట్లో మిషను బాగుందని ఉంది. మూడో కాగితం రాసిన మనిషి, చూడకుండా రాస్తానని తనే ఒప్పుకుంటోంది. నేనేం చెయ్యాలి చెప్పు."

ఆయన స్థానంలో ఉంటే దోర్కా కూడా ఆ మాటే అనేది. కొలత పని చేసేవాళ్ళకి మొదట నేర్పేది కూడా అదే, ఒకసారి తప్పు చెప్పిందని తేలిన మిషను ఆ తర్వాత ఏం చెప్పినా రాసుకోకూడదు.

మైతి బాబు సొరుగులోంచి టైపు చేసిన కాగితం ఒకటి తీసి గణపతిరావు ముందు పెట్టాడు. బెంగాలీలో ఉంది. సెన్సర్లు తానే జరిపాననీ, ఉద్యోగం మానుకుంటున్నాననీ, యాజమాన్యం దయతో పోలీసులకి ఫిర్యాదు చెయ్యడం లేదనీ ఉంది. "పన్నెండు లోపల సంతకం పెడితే ఇంటికి వెళ్ళొచ్చు. లేకపోతే ఓనరు బడాబాబు పోలీసు ఠాణాకి ఫోన్ చేస్తానన్నాడు. నీకూ తెలుసు, బయట ఉన్నవాళ్ళు ఊరికే వెళ్ళరు."

గణపతిరావు ఆ కాగితాన్ని మొదటి నుంచి చివరిదాకా నెమ్మదిగా చదివాడు. పెన్ను అడిగి తీసుకుని, కింద బెంగాలీలోనే పేరంతా రాశాడు. ఇరవై రెండేళ్ళుగా జీతం పుస్తకంలో ఎలా రాస్తున్నాడో అలాగే, అక్షరం అక్షరం విడదీసి రాశాడు. పెద్దమనుషులిద్దరూ రైతుల తరఫున సాక్షి సంతకాలు పెట్టారు.

"నీ తరఫున సాక్షి ఎవరు?" అన్నాడు మైతి బాబు.

గణపతిరావు గుమ్మం వైపు చూశాడు. కారిడార్లో నిలబడ్డ కంప్రెసర్ గది కూలీలు ఇద్దరు మొహాలు తిప్పుకున్నారు. అతను దోర్కా వైపు తిరిగాడు.

"సెల్లెమ్మా, మీరెట్టెయ్యండి."

"ఇది అబద్ధం కదన్నయ్యా." ఆమె నోటికి తెలుగే వచ్చింది. "మీరు సెయ్యలేదు. నాకు తెలుసు."

"మీకు తెలుసు, నాకు తెలుసు. సాలదు కదా." అతని గొంతులో విసుగు కూడా లేదు. "మీరు తెచ్చిన కాగితంతో నాను ఈ గేటు దాటలేనమ్మా. దీంతో అయితే దాటతాను. మా ఇంటిదాన్ని రైలు ఎక్కించి పలాస పంపించేత్తాను, నానూ ఎల్లిపోతాను. ఇక ఎవులూ ఏటీ అడగరు. ఎట్టండి."

పెన్ను అతనే మూత తీసి ఇచ్చాడు. కాగితం అడుగున, పైన రాసినదంతా నిజమని నాకు తెలుసు అని ఒక వాక్యం ఉంది. ఆమె దాన్ని చదవకుండా ఉండడానికి ప్రయత్నించింది గాని, చదవడం వచ్చిన మనిషికి అది కుదరదు. సంతకం పెట్టింది. అలవాటైన గుండ్రటి అక్షరాలే పడ్డాయి. అంత కుదురుగా పడినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

మైతి బాబు ఆ కాగితం తీసుకుని, ఆమె సంతకాన్ని ఫిబ్రవరి సర్టిఫికెట్ పక్కన పెట్టి చూశాడు. ఒకసారి దీన్ని, ఒకసారి దాన్ని. పెద్దాయనకి కూడా చూపించాడు. ఇద్దరూ తల ఊపారు.

"ఠీక్ హై. కలిసింది" అని రబ్బరు స్టాంపు కొట్టాడు.

గేటు దాటేదాకా వాళ్ళని ఎవరూ ఆపలేదు. టార్పాలిన్ కింద కూర్చున్నవాళ్ళు కాళ్ళు ముడుచుకుని దారి కూడా ఇచ్చారు. రోడ్డు మీదికి వచ్చాక గణపతిరావు ఆమెకి ఎదురుగా నిలబడి రెండు చేతులూ జోడించాడు.

"శానా సాయం సేసినారమ్మా" అన్నాడు.

ఆ మాటలో ఎత్తిపొడుపేమైనా ఉందేమోనని ఆమె అతని మొహమంతా వెతికింది. లేదు.